పడవ జాడ

శుభలేఖ మీద "సంసార నౌక" అన్న మాట కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. రిటైర్మెంటు సన్మానాల్లో "జీవన సాగరాన్ని ఈదిన ధీరుడు" అంటారు, అదింకో మంట. నాకు తెలిసిన కవులందరికీ తలా ఒక పడవ కవిత ఉంది. వాళ్లలో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చుని ముంత మసాలా తింటూ చూసిందే వాళ్ల సముద్రం.

ఫిషింగ్ హార్బర్ లోపలికి ఒకసారి వెళ్లి చూడమనండి. నల్లటి నీళ్ల మీద డీజిల్ తెట్టు, అందులో కుళ్లిన చేప తలలు, బిర్యానీ కవర్లు. గాలి ఇటు తిరిగితే పోర్టు బొగ్గు దుమ్ము పళ్ల కింద కరకరలాడుతుంది. నేను సబ్బవరం వైపు వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్లయి వచ్చిన కొత్తలో మా ఆయన సరదాగా హార్బరు చూపిస్తానని తీసుకెళ్తే అక్కడే వాంతి చేసుకున్నాను. అయినా సరే, ఆ కంపును భరించడం నాకు అలవాటైంది గానీ ఈ సభల్లో వినిపించే సముద్రాన్ని భరించడం అలవాటు కాలేదు. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన పాపానికి ప్రతి సభకీ నన్ను పిలుస్తారు.

కూర్మన్నపాలెంలో మా కాలనీకి హార్బర్ నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఒకామె ఉంది. నాకంటే చిన్నది. సిటీ బస్సులో కండక్టరు చేత తిట్లు తింటూ గంప వేసుకుని వస్తుంది. ఆమె భర్త ఒక బోటు మీద కళాసీ. వాయుగుండం పట్టినప్పుడు మిగతా బోట్లు వెనక్కొచ్చాయి, వాళ్ల బోటు రాలేదు. వెతికినవాళ్లకి ఒక చెక్క ముక్క కూడా దొరకలేదు. ఇది జరిగాక రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి. ఇంట్లో పెద్దవాళ్లు దినాలు చేసేద్దామన్నారు, ఆమె చేయనివ్వలేదు. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. వాళ్లు చేపలు పట్టడాన్ని వేట అంటారు. మీ ఆయన ఏడమ్మా అని తెలియక ఎవరైనా అడిగితే, "వేటలో ఉన్నాడు" అంటుంది, అంతే.

అది పిచ్చేమీ కాదు. ఇంజను చెడి కొట్టుకుపోయి, సముద్రంలో సరిహద్దు గీత దాటి, పక్క దేశం వాళ్లకి దొరికి, నెలల తరబడి జైల్లో ఉండి గడ్డాలతో ఇంటికొచ్చిన మనుషులు ఆమె ఉండే పేటలో ఉన్నారు. వాళ్లను ఆమె కళ్లారా చూసింది.

మా సాహితీ సంఘం కార్యదర్శి నా వెనక వీధిలోనే ఉంటాడు. స్టీలు ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఏడాదికో సభ పెట్టకపోతే తిన్నది అరగదు. ఈసారి సభ పేరు "మన సాహిత్యంలో పడవ జాడ". ఈ జాడ అనే మాట మా సభలకి పట్టిన తెగులు. రైతు జాడ, పిచ్చుక జాడ, మొన్న ఒకాయన గోంగూర జాడ మీద పత్రం చదివాడు. ఏ కావ్యంలో ఏ మూల ఆ వస్తువు కనిపించిందో ఏరుకొచ్చి చెప్పడాన్ని జాడ అంటారు. చివర్లో ఒక మత్స్యకార మహిళకి శాలువా కప్పితే నిండుగా ఉంటుందని ఆయనకి తోచింది. వంజరం చేప ముక్కలు బేరమాడుతూ గేటు దగ్గరే ఆమెను పిలిచేశాడు.

సభ రోజు నేను ఆలస్యంగా హాల్లోకి వెళ్లేసరికి ప్రసంగాలు నడుస్తున్నాయి, ఆమె ముందు వరుసలో ఒక్కతే కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, తలలో కనకాంబరాలు, ఒళ్లో గుడ్డ సంచీ. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద మూడు తెల్ల తెరచాపల ఓడ. మన తీరంలో ఏ తరంలోనూ ఎవడూ ఎక్కని ఓడను ఇంటర్నెట్‌లోంచి దింపి అతికించారు. నేను పక్కన కూర్చోగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"టీసరమ్మా, మీరూ వొచ్చినారా! ఎక్కడుందట పడవ?"

"ఏ పడవ?"

"అదేటి, పడవ జాడ గురించి మీటింగు, నువ్వు తప్పకుండా రావాలని బాబుగారు సెప్పినారు కదా. అందుకే వొచ్చినాను. పక్క దేశమోళ్ల దగ్గరుందా? మా ఆయనకి సొక్కా, లుంగీ తెచ్చినాను. ఇటునుంచిటే తీసుకెల్తారేమోనని."

సంచీ మూతి విప్పి చూపించింది. మడత నలగని చొక్కా, లుంగీ, తువ్వాలు. వాటి మధ్య డబ్బాలో ఎండు నెత్తళ్ల వేపుడు. ఇది ఆ సభ కాదమ్మా అని ఆమెకి చెప్పాలి. కానీ ఆ చొక్కాను మళ్లీ సంచీలో సర్దాను. ముందు పిలిచినవాణ్ణి కడిగేద్దామని లేచి స్టేజీ పక్కకి వెళ్లాను.

"ఆవిడ మొగుడు దొరికాడనుకుంటోంది. బట్టలు సంచీలో పెట్టుకొచ్చింది. ముందు వెళ్లి నిజం చెప్పండి" అన్నాను.

కార్యదర్శి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది, ఆ వెంటనే వెలిగింది.

"బట్టలు తెచ్చిందా? అయ్యయ్యో... ఇప్పుడేమీ చెప్పకండి మేడమ్. స్టేజీ మీద ఆ సంచీతోనే నిలబడనివ్వండి. సభ పండుతుంది."

పండుతుందట! ఆ ముఖం మీద ఉమ్మాలనిపించింది. నేను ఇంకేదో అనేలోపే మైకులో ఆమెను పిలిచేశారు. అంతకుముందు మాట్లాడిన పెద్దమనిషి, ఈ తీరం నుంచే బౌద్ధ భిక్షువులు ఓడలెక్కి దేశాలు తిరిగారనీ, మనది అలలను గెలిచిన జాతి అనీ చెప్పి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. పాపం, ఆయన హార్బరు పక్కనున్న యారాడ కొండ అవతలికి లాంచీలో కూడా వెళ్లి ఉండడు. ఆమె మెట్లెక్కుతుంటే నేను వెనకాలే పరుగెత్తాను. వాలంటీరు ఒకడు నన్ను ఆపి, "ఫొటోలో అడ్డొస్తారు మేడమ్" అన్నాడు.

శాలువా కప్పారు. కార్యదర్శి గొంతు సవరించుకుని, "కడలి తల్లి ఒడిలో శాశ్వత నిద్రపోయిన కీర్తిశేషుని అర్ధాంగి" అన్నాడు. ఆ గ్రాంథికం ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. సంచీని పొట్టకి హత్తుకుని, తనకి చెప్పాల్సిన కబురు చెబుతారని ఆయన నోటి వంకే చూస్తోంది. ఆయన మైకు ఆమె ముందు పెట్టాడు.

ఆమె అందరి వంకా చూసి అడిగింది.

"బాబూ, పడవ ఎక్కడుంది?"

హాలంతా చప్పట్లు. వెనక వరుసల వాళ్లు లేచి నిలబడి మరీ కొట్టారు. నాకు దగ్గర్లో కూర్చున్న కవి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, "ఒక్క వాక్యంలో మొత్తం సముద్రం చెప్పేసింది" అని పక్కవాడితో అన్నాడు. పక్కవాడు ఆ వాక్యాన్ని ఫోన్లో ఎక్కించుకున్నాడు. నాకు హార్బరులో తిప్పినట్టే తిప్పింది. అక్కడ కుళ్లినవి చేప తలలు మాత్రమే.

భోజనాలు మొదలయ్యాయి. రొయ్యల వేపుడు దగ్గర తోపులాట. నేను ఆమెను రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చి బస్టాపులో బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అందరూ అలా సప్పట్లు కొట్టినారు, దొరికినాడా టీసరమ్మా?"

ఆ హాల్లో అంతమంది ఉంటే, ఆ జవాబు చెప్పే పని నాకు పడింది.

"లేదమ్మా. వాళ్లకేమీ తెలీదు. పుస్తకాల్లో పడవల గురించి మాట్లాడుకున్నారు. నిన్ను ఊరికే పిలిచారు."

ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"పోనాడని గానీ సెప్పినారా ఏటి?"

కీర్తిశేషుడు అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

"వాళ్లకి తెలీదని చెప్పాను కదా. వాళ్లెవరికీ ఏమీ తెలీదు."

"అయితే ఇంకా వేటలోనే ఉన్నాడు" అని సంచీ మూతి మళ్లీ ముడేసింది.

హార్బరు బస్సు వచ్చింది. శాలువా తీసి బెంచీ మీద పెట్టి, సంచీ మాత్రం చంకన పెట్టుకుని ఎక్కింది. ఆ శాలువాను నేనూ ముట్టుకోలేదు.