సగంలో లేచే గెన్జిరో

తొమిహారా గెన్జిరోకి ఒకటే జబ్బు. పెళ్ళి కానీ, చావు కానీ, ఊరి సభ కానీ, చివరిదాకా కూర్చుని ఎరగడు. బుద్ధిగా వస్తాడు, బుద్ధిగా మోకాళ్ళ మీద కూర్చుంటాడు, పెట్టింది తింటాడు, వినాల్సిన చోట తలాడిస్తాడు. సరిగ్గా అసలు ఘట్టం దగ్గరికి వచ్చేసరికి చేతి గడియారం చూసుకుని, "పాలు పితికే వేళయింది" అని లేచి చక్కా పోతాడు. జపాను ఉత్తరాన ఉన్న ఈ తొకచి మైదానంలో మనుషులకన్నా ఆవులు ఎక్కువ. అక్కడ ఆ మాటకి ఎదురు మాట లేదు.

తన పెళ్ళిలోనే లేచాడు మహానుభావుడు. మూడు గిన్నెల్లో వధూవరులు సాకే సారా పంచుకుని తాగాలి. రెండో గిన్నె అయ్యాక పెళ్ళికొడుకు కనబడలేదు. పెళ్ళికూతురు ఫుసాయే తెల్ల పట్టుబట్టలు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, మూడో గిన్నె ఒలక్కుండా పశువుల పాకదాకా మోసుకుపోయింది. ఆయన ఆవు పొదుగు దగ్గరి నుంచి తల ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, గిన్నె తిరిగి ఇచ్చేశాడట. "నేనెవరికి సవతినో ఆ రోజే తెలిసిపోయింది" అని ఫుసాయే ఇప్పటికీ అంటుంది.

ఈ తండ్రికి పుట్టిన కూతురు మినోరి. పాపం, ఆ పిల్ల చిన్నతనమంతా సిగ్గుతో చచ్చింది. బడి ఆటల పండుగలో తల్లిదండ్రులతో మూడు కాళ్ళ పరుగు పందెం. సగం దూరం పోయాక గెన్జిరో ఆగాడు, కాలికి కట్టిన గుడ్డ విప్పాడు, మడతపెట్టి కూతురి చేతిలో పెట్టాడు, వెళ్ళిపోయాడు. మినోరి ఆ గుడ్డ పట్టుకుని ఒంటరిగా పరిగెత్తి ఆఖరున వచ్చింది. మాస్టారు పందెం నియమాల ప్రకారం రెండు కాళ్ళతో పరిగెత్తడం కుదరదని అది కూడా లెక్కలోకి రాదన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది.

అంత సిగ్గునీ దాచుకుని ఏం చేసుకుంటుంది? అమ్ముకుంది. టోక్యో చేరి, "మా ఇల్లూ, మా పేడా" అని ఒక పత్రికలో బొమ్మల కథ మొదలుపెట్టింది. నెలనెలా తన ఇంటి సంగతులే. పేడగుంటలో పడ్డ తాతయ్యని వేసింది, మంచులో కూరుకుపోయిన ట్రాక్టరుని వేసింది, బంగాళాదుంపలు తప్ప మరేమీ లేని భోజనాల బల్లని వేసింది. జనానికి అన్నీ నచ్చాయి గానీ, పిచ్చెక్కించింది మాత్రం సగంలో లేచే నాన్న. సంపాదకుడు ఉసుయి ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట అదే. మీ నాన్నగారు మళ్ళీ ఎక్కణ్ణించైనా లేచారాండీ అని అడిగేవాడు. లేవకపోతే దిగులుపడేవాడు.

అలాంటి సమయంలో ఇషిమోరి కాన్సుకె పోయాడు. పక్క పొలం ఆయన. గెన్జిరోకి బొడ్డూడని నాటి నుంచీ స్నేహితుడు. మినోరి కూడా టోక్యో నుంచి వచ్చింది. సాయంత్రం ఊరి మందిరంలో శవజాగారం. నల్లబట్టల్లో ఊరంతా కూర్చుని ఉంది. భిక్షువు సూత్రం చదువుతున్నాడు. ఒక్కొక్కరే వెళ్ళి ధూపం వేసి నమస్కారం పెట్టి వస్తున్నారు. గెన్జిరో వంతు రానే వచ్చింది. ఆయన లేచాడు. అందరూ ధూపానికే అనుకున్నారు. ఆయన అటు కాక ఇటు తిరిగి, గుమ్మం వైపు నడిచి, చెప్పాల్సిన ఆ నాలుగు ముక్కలూ గొణిగి, వెళ్ళిపోయాడు. భిక్షువు ఒక చరణం మింగేశాడు. ప్రాణస్నేహితుడి శవం ముందు! మినోరి తల చేతిసంచీలో దూర్చేసుకుంది. ఈ మనిషి రక్తం నా ఒంట్లో ఎందుకు పారుతోందిరా భగవంతుడా అనుకుంది.

మర్నాడు దహనానికి వచ్చినప్పుడు ఆయన కుంటుతూ వచ్చాడు. పారిపోయే తొందరలో కాలు బెణికి ఉంటుంది, తగిన శాస్తి అనుకుంది కూతురు. ఆ నెల కథలో అదంతా వేసింది. నల్ల టై గాల్లో ఎగురుతుంటే కుంటికాలితో పరిగెత్తే నాన్న, వెనకాల నోరు తెరిచిన భిక్షువు, శవపేటికలోంచి లేచి "అరే, ఆగరా!" అంటున్న కాన్సుకె. దేశమంతా పడీపడీ నవ్వింది. ఉసుయి అయితే ఆనందం పట్టలేక, రాబోయే పుస్తకానికి అట్టబొమ్మగా కుంటుతూ పారిపోయే నాన్ననే ఖాయం చేశాడు. చావు ఇంటివాళ్ళకి ఒక మాట చెప్పి రండి, మర్యాదగా ఉంటుంది అని మాత్రం అన్నాడు.

మినోరి ఒక మిఠాయి డబ్బా కొనుక్కుని ఊరొచ్చింది. కాన్సుకె భార్య తొషియే ముంగిట్లో కూర్చుని ముల్లంగి ఊరవేస్తోంది. మినోరి నేలకి నుదురు ఆన్చి, తప్పయిపోయింది పిన్నీ, మా నాన్న చేసిన పనికి ఇన్నాళ్ళూ నీ మొహం చూడలేకపోయాను, ఇప్పుడు పుస్తకం కూడా వస్తోంది అని చెప్పుకొచ్చింది. తొషియే ముల్లంగి మీద ఉప్పు చల్లుతూ అంతా విని, "మీ నాన్న ఏం చేశాడని?" అంది.

"అదే, ధూపం కూడా వెయ్యకుండా మా ఆవుల కోసం లేచొచ్చేశాడు కదా."

"మీ ఆవులా? మీ ఆవుల్ని మీ అమ్మ పితికేసే మందిరానికి వచ్చిందే. ఆయన పితికింది మావి."

మినోరికి అర్థం కాలేదు. తొషియే చేతులు తుడుచుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఇంటి మనిషి పోయాడని ఆవుకి తెలుస్తుందా? వేళకి పితక్కపోతే పొదుగు రాయైపోతుంది. చావు ఇంటివాళ్ళం, శవాన్ని వదిలి పాకలో కూర్చోలేం. వచ్చినవాళ్ళు ధూపం వెయ్యకుండా కదల్లేరు. పెళ్ళిళ్ళలోనూ అంతే గదా, సంబరంలో మునిగిన వాళ్ళకి పాక గుర్తుకొచ్చినా నోరు తెరిచి ఎవర్ని అడుగుతారు? అందుకని ఆ గెన్జిరో ఎవరింటి కార్యమైతే వాళ్ళ పాకకి పోతాడు.

"మా ఆవులు కొత్తవాళ్ళని దగ్గరికి రానివ్వవు. ఆ రోజు రాత్రి మా ఆయన టోపీ శవపేటికలో పెడదామని ఒక్క నిమిషం ఇంటికొచ్చా. మేకుకి టోపీ లేదు. పాకలోంచి మా ఆయన కూనిరాగం వినబడుతోంది. ఆ అపశ్రుతి ఇంకెవరిదీ కాదు. ప్రాణం పోయినంత పనైంది. పోయాక కూడా నన్ను వదల్లేదేంటి ఈ మనిషి అనుకున్నా. తీరా చూస్తే మీ నాన్న! మా ఆయన టోపీ, మా ఆయన అంగీ, మా ఆయన రబ్బరు బూట్లు. టోపీ ఇవ్వు గెన్జిరో అంటే, ఇంకా రెండు ఆవులున్నాయి, అయ్యాక ఇస్తానన్నాడు. నెత్తిన టోపీ, కళ్ళల్లో నీళ్ళు, నోట్లో ఆ దిక్కుమాలిన రాగం. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నేను నవ్వింది అప్పుడే."

కాన్సుకె బూట్లు చిన్నవి. గెన్జిరో పాదాలు పీటలంత ఉంటాయి. కుంటడం అందుకు. మినోరికి చెవులు కాలిపోయాయి. ఆ కుంటుడుకి దేశం నవ్వింది, నవ్వించింది తనే.

"ఊళ్ళో ఎవరెవరికి తెలుసు పిన్నీ?"

"తెలియందెవరికి? పుట్టిన పసిగుడ్డుక్కూడా తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు. నీకు చెప్తే జపానంతటికీ చెప్పినట్టే కదే."

మినోరి చరచరా తమ పాకకి వెళ్ళింది. గెన్జిరో ఆవు పొదుగు వేడి నీళ్ళ గుడ్డతో తుడుస్తున్నాడు. అట్టబొమ్మ చింపేస్తాను, ఆ కథ తీయించేస్తాను, ఉన్నదున్నట్టు మళ్ళీ వేస్తాను, నిన్ను లోకం తిట్టుకోవడానికి వీల్లేదు అని ఒక్క ఊపిరిలో చెప్పి ఏడ్చింది.

"అట్టబొమ్మ పత్రికలో నేనూ చూశా," అన్నాడు ఆయన. "వెనకాల ఆవుకి పొదుగు తప్పేశావ్. ముందు అది సరిచెయ్యి."

"నాన్నా, నేను చెప్పేదేంటి, నువ్వు మాట్లాడేదేంటి?"

గెన్జిరో గుడ్డ పిండి పక్కన పెట్టాడు. ఆయన వరసగా నాలుగు మాటలు మాట్లాడటం ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆ రోజు మాట్లాడాడు.

"నువ్వు నిజం వేశావనుకో. రేపు ఎవరింట్లోనో చావొస్తుంది. నేను లేవగానే వాళ్ళు గుమ్మం దాకా వచ్చి దణ్ణాలు పెడతారు. పాకలో నాకోసం అన్నం ముద్దలు కట్టించి పెడతారు. ఆ తర్వాత మనింటికి తువ్వాలూ టీ పొడీ పట్టుకొస్తారు. మన దేశంలో ఒక కానుకకి మారు కానుక ఇయ్యకుండా ఎవడికన్నా నిద్రపడుతుందా? తొషియే ఒంటి చేత్తో ఇద్దరి పని చేస్తోంది. దానికి నా మొహమాటం కూడానా? పిచ్చోడు లేచిపోయాడంటే ఎవరికీ ఏ బరువూ లేదు. హాయిగా నవ్వుకుంటారు. నవ్వనీ."

"మరి నాకు సిగ్గుగా ఉండదా?"

ఆయన గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఉంటది," అని ఒప్పుకుని మళ్ళీ పొదుగు వైపు తిరిగాడు.

మినోరి పొదుగు సరిచేసింది. తక్కినదేదీ ముట్టుకోలేదు. పుస్తకం బయటికొచ్చి వేడి వేడిగా అమ్ముడుపోయింది. రైల్లో ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు అట్టబొమ్మ చూసి, ఇలాంటి తండ్రి ఉంటే నేనైతే ఇల్లొదిలి పారిపోదును అని నవ్వుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న మినోరి వాళ్ళతో పాటు పళ్ళికిలించింది.

ఆకురాలు కాలంలో ఊరి సభామందిరంలో ఆమెకి సన్మానం చేశారు. టోక్యో నుంచి ఉసుయి వచ్చాడు. పక్కూళ్ళవాళ్ళు కూడా వచ్చారు. సరిగ్గా మినోరి మాట్లాడటానికి లేచేసరికి ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. గెన్జిరో గడియారం చూసుకుంటున్నాడు. హాలంతా ఘొల్లుమంది. ఆయన వంగి వంగి కుర్చీల మధ్య నుంచి బయటికి పోయాడు. ఉసుయి కళ్ళు ఆనందంతో మెరిశాయి, ఫొటో కూడా తీశాడు.

మినోరి వేదిక మీద నుంచి చూసింది. రెండో వరసలో తొషియే కూర్చుని ఉంది, కొత్త బట్టల్లో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఇంటికి పోవాలన్న తొందరేమీ లేకుండా. కాన్సుకె పోయాక ఆమె ఒక సాయంత్రం ఇలా తీరిగ్గా కూర్చోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఉసుయి మైకు పుచ్చుకుని, కన్నకూతురి సన్మానంలో కూడా లేచిపోయారు కదా, మీ నాన్నగారికి అసలు సిగ్గనేది లేదాండీ అని అడిగాడు.

"లేదండీ," అంది మినోరి. "ఆయన వాటా సిగ్గు కూడా నేనే పడుతున్నాను."

టోక్యో మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరివాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ తర్వాత ఇంకా గట్టిగా నవ్వారు. తొషియే అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.