దానిమ్మ గుర్తు రాణీ, మా శౌరమ్మ పెద్దమ్మా

దానిమ్మకాయ కోస్తే వచ్చే వాసన అంత గొప్పదేం కాదు. మామిడిపండుతోనో మల్లెపూలతోనో పోటీకి నిలబడదు. తోలు వగరు, గింజల పులుపు, వేళ్లకి అంటుకునే మరక, అంతే. కానీ మొన్న మా మనవరాలు ఒంగోలు బజారులో కొన్న కాయని రెండు చెక్కలు చేయగానే, ఆ వగరు వెనకాలే మిరపకల్లం ఘాటూ, లూర్దుమాత పండగనాటి అరిసెల పాకం వాసనా, నా గడ్డానికి అంటించిన తుమ్మజిగురు కంపూ వరసగా వచ్చి నా ముందు కూర్చున్నాయి. అవును, నాకు ఒకప్పుడు గడ్డం ఉండేది. ఒక్క పూటే లెండి.

మాది గుంటూరు జిల్లాలో పత్తీ మిరపా పండే నల్లరేగడి ఊరు, అందులో మాది కథోలిక కుటుంబం. పొద్దున గుడి గంటకి లేచి, సాయంత్రం జపమాల చెప్పుకుని, మధ్యలో దొరికిన టైములో అందరితో తగువులాడుకునే ఇల్లు. మాఘమాసం వచ్చిందంటే కల్లమంతా ఎర్రటి దుప్పటి పరిచినట్టుండేది. ముక్కులకి పైట చుట్టుకుని తొడిమలు తీసే ఆడవాళ్లు తుమ్ముకి ఒక కబురు చొప్పున చెప్పుకునేవాళ్లు. పంచలో కప్పు దాకా పోసిన పత్తి రాశి మీద మేం పిల్లలం దూకి, ఒళ్లంతా దురదలు పెట్టుకుని, గోక్కుంటూనే అన్నాలకి కూర్చునేవాళ్లం. మా నాయనమ్మ చుట్ట వెలిగించుకుని, పొగ వదిలి, మళ్లీ ప్రార్థన ఆపిన చోటునుంచే అందుకునేది.

మా నాన్నకి ఒక అన్న, ఒక తమ్ముడు. అన్నగారు పెళ్లయిన అయిదో నెలలో జ్వరమొచ్చి పోయాడట. పదిహేడేళ్ల శౌరమ్మని పుట్టింటికి పంపలేక, చర్చి గురువులదగ్గర అనుమతి తెచ్చి, తమ్ముడైన ఇన్నయ్య బాబాయికే ఆవిణ్ణి కట్టబెట్టారు. అలా మాకు పెద్దమ్మగా వచ్చినావిడ పిన్ని అయింది గానీ, పిల్లల నోళ్లు తిరగలేదు, చివరిదాకా పెద్దమ్మే. కట్టెపుల్లలాంటి మనిషి, నవ్వితే మాత్రం మనిషంతా నవ్వేది. మఠంలో సిస్టరమ్మ ఇచ్చిన దానిమ్మ మొక్కని బావి పక్కన నాటి, స్నానాల నీళ్లతోనే చెట్టుని చేసింది. పుట్టిన నలుగురిలో ఒక్క ఆడపిల్ల దక్కింది. అక్కడ మొదలైంది బాబాయి గోల.

మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే మట్టిగోడ. కనిగిరి వైపు ఒక సంబంధం చూసుకున్నాడనీ, వదినని చేసుకోవడం పాపమని ఇన్నేళ్లకి తెలిసొచ్చిందనీ, ఆ పెళ్లి రద్దు చేయమని పై గురువులకి అర్జీ రాయిస్తున్నాడనీ ఆ గోడే నాకు చెప్పింది. పండగ దాటగానే పెద్దమ్మని పుట్టింట్లో దింపి రావాలని ఆయన ఎత్తు. బయట ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ఎవరితోనూ అనలేదు. మఠంలో మజ్జిగ పోసి రావడానికి మాత్రం రోజూ వెళ్లేది, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేది.

ఆ ఏడు పండగకి సిస్టరమ్మ మా అయిదో తరగతి ఆడపిల్లలచేత ఒక నాటకం వేయించింది. నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు రాణి కేథరిన్ కథ. పుట్టిల్లు స్పెయిను, గుర్తు దానిమ్మకాయ. పెళ్లాడిన యువరాజు అయిదు నెలలకే పోతే, ఆయన తమ్ముడు రాజై ఆవిణ్ణి చేసుకున్నాడు. ఒక్క ఆడపిల్లే దక్కేసరికి, అన్న భార్యని కట్టుకోవడం పాపమంటూ ఇంకో ఆవిడ కోసం ఈవిణ్ణి వెళ్లగొట్టబోయాడు. లోకంలో ఇన్ని కథలుండగా సిస్టరమ్మ ఈ కథే ఎందుకు పట్టుకుందో నేను అడగలేదు. మజ్జిగ ముంతనే అడగాలి.

నాకు రాజు వేషం. గొంతు పెద్దది, సిగ్గు తక్కువ కదా. పొట్టకి పత్తి మూట, గడ్డానికి ఎర్రటి మొక్కజొన్న పీచు. పూజ అయ్యి, ఊరేగింపు తిరిగి, కోడికూరా గారెలూ తిన్న జనం మధ్యాహ్నం బడి పందిట్లో చేరారు. రాజనేవాణ్ణి నేనెక్కడ చూశాను? నాకు తెలిసిన దర్జా మనిషి బాబాయే. ఆయనలాగే కండువా దులిపాను, గొంతు సవరించాను, కాలు మీద కాలేసుకున్నాను. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి నాకు పొంగొచ్చి సిస్టరమ్మ నేర్పిన మాట కాస్తా ఎగిరిపోయింది. ఎదురుగా రాణి వేషం కట్టిన మార్తమ్మ దానిమ్మకాయ పట్టుకుని నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి. గోడ చెప్పిందే అనేశాను.

“ఏమేవ్ శౌరీ, నీకూ నాకూ చెల్లు. పండగెళ్లాక పెట్టె సర్దుకో. కనిగిరోళ్లకి మాటిచ్చాను.”

నవ్వు ఆగిపోయింది. పందిట్లో నాయనమ్మ లేచింది.

“ఒరేయ్ ఇన్నయ్యా! అది రాజు మాట కాదురా, నీ మాట! చెప్పు, నీదేనా కాదా?”

బాబాయి లేచి, కండువా దులిపి, గొంతు సవరించి, జనంలోంచి నడిచి వెళ్లిపోయాడు. అచ్చం నేను చేసినట్టే. దాంతో నవ్వు రెండింతలైంది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. నా వైపే చూస్తూ కూర్చుంది.

అర్జీ వెళ్లలేదు. కనిగిరివాళ్లకి కబురందింది, సంబంధం తప్పుకుంది. బాబాయికి ‘రాజుగారు’ అన్న పేరు స్థిరపడింది. ఆ సాయంత్రం ఆయన ఇంటికొస్తే పెద్దమ్మ పీట వాల్చి, “రాజుగారికి అన్నం వడ్డించేదా?” అందట. ఆయన తలొంచుకుని తిన్నాడట. నాకేమో నాన్న చేతిలో చింతబరికె పడింది, “ఇంట్లో మాట వీధిలో పెట్టడానికా బడి?” అని నా చదువూ ఆ వారంతోనే ఆగింది. ఆ రాజు తర్వాతి పెళ్లాల తలలు తీయించాడంటారు, నాకు పలక తీశారు.

మర్నాటినుంచి కల్లంలో పెద్దమ్మ పక్కనే నా చోటు. సిస్టరమ్మ నాటకంలో వేయించని మిగతా కథ అక్కడే చెప్పింది. రాణిని నిజంగానే వెళ్లగొట్టారట, చలి ఇంట్లో పెట్టారట, కన్నకూతుర్ని చూడనివ్వలేదట; చచ్చేదాకా నేను రాణినే అందట. నేను కళ్లు తుడుచుకోబోతే మిరప ఘాటంటిన నా చేతులని గట్టిగా పట్టేసుకుంది.

“పాపం, ఆవిడకి నీలాంటి వాగుడుకాయ దొరకలేదే,” అంది.

తర్వాత ప్రతి ఏడూ మొదటి కాయ నాదే. ఇద్దరి చేతులకీ ఘాటే కాబట్టి, మా చెల్లెలిచేత గింజలు ఒలిపించి, దొన్నెతో నా నోట్లో వంపేది. బడి పోయిందని నేను ఏడ్చిన రోజులున్నాయి. ఆ దొన్నె ముందు మాత్రం ఎప్పుడూ ఏడవలేదు. బాబాయి ఆఖరి రోజుల్లో మంచాన పడితే జావ తాగించిందీ ఆ చేతులే.

ఇప్పుడు ఆ కల్లం మీద కోల్డ్ స్టోరేజీ లేచింది, బావి పూడ్చారు, దానిమ్మ చెట్టు రోడ్డు వెడల్పులో పోయింది, మధ్యగోడ ఎప్పుడో కూలింది. మనవరాలు తెచ్చిన కాయ ఎంతో పెద్దది, తియ్యగా ఉంది, పెద్దమ్మ చెట్టు పులుపు లేదు.

“ఏంటి అమ్మమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?” అంది.

నా చేతులకి ఇప్పుడు ఏ ఘాటూ లేదు. అయినా గింజలు గిన్నెలోకి ఒలిచి, “నోరు తెరువు” అన్నాను.