కదిలే బండిలో సంతకం

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి తెలియని విషయం ఉండేది కాదు; కనీసం ఆ వచ్చినవాడి అభిప్రాయం అదే. నాది ఖరగ్‌పూర్ రైల్వే స్టోర్స్ ఆఫీసులో గుమాస్తా పని. రసీదుల మీద సంతకాలు సరిపోల్చడం, పాత కుర్చీలకూ లాంతర్లకూ విలువ కట్టడం. అందుకే మా తెలుగు గ్రంథాలయం కార్యదర్శి (అందరం రూల్‌బుక్ గారనేవాళ్లం) మా చిన్నాన్న ఇచ్చిన రెండు నవలలను నా ముందు పెట్టాడు. వాటిని రాసిన పేరున్న రచయిత మెయిలు బండిలో వెళ్తూ మా స్టేషన్లో సంతకాలు చేశాడని చిన్నాన్న చెప్పేవాడు. అసలువైతే అద్దాల బీరువాలోకి వెళ్తాయి. కాకపోతే అందరూ ఇంటికి పట్టుకెళ్లే అరలోకి. అక్కణ్ణుంచి ఏ పుస్తకమూ అట్టతో తిరిగొచ్చింది లేదు. పైగా వర్క్‌షాపులో ఫిట్టరైన చిన్నాన్న ఆ సంతకాలు తనే గీసుకున్నాడని గోల్‌బజార్‌లో అప్పటికే చెప్పుకుంటున్నారు. ఆయనకు పుస్తకాలకంటే ఆ మాటే బాధ.

నేను భూతద్దంతో అరగంట చూశాను. (ఐదు నిమిషాల్లోనే అయిపోయింది, మిగతాది హోదా కోసం.) ఒక సంతకం ముత్యాల్లా ఉంది. రెండోది కోడి గీకినట్టుంది. "సరిపోలలేదు" అని తేల్చాను. చిన్నాన్న మొహం చిన్నబోయింది.

"ఒరే, మొదటిది బండి ఆగున్నప్పుడు సేసినాడ్రా. రెండోది కదిలినాక సేసినాడు. నాను కిటికీ అట్టుకుని పరిగెట్టినాను."

"రూలు ఒప్పుకోదు చిన్నాన్నా."

"ఏటి నీ రూలు? కదిలే బండిలో నీ సంతకం నువ్వు సేసి సూపించు!"

రూల్‌బుక్ గారు "ఠీక్ హై" అన్నాడు. ముగ్గురం మిడ్నాపూర్ ప్యాసింజర్ ఎక్కాం. బండి ఊగుతుండగా పది సంతకాలు చేశాను. వాటిలో ఒక్కటి కూడా నాదని ఒప్పుకోలేకపోయాను.

"రెండూ అసలువే" అని రాసిచ్చాను. అంతటితో ఆగితే బాగుండేది. విలువ కూడా కట్టమన్నారు. స్టోర్స్ పద్ధతిలో పుస్తకాల వయసుకు తగ్గించి, మొదటి పేజీని సిరాతో పాడుచేసినందుకు మరో పావలా తగ్గించి, ఒక్కోటి రూపాయి పావలా అని తేల్చాను. అంటే ఆ మహానుభావుడు సంతకం చెయ్యకపోతే రూపాయిన్నర. చిన్నాన్న రెండుసార్లు చదివి, "పోన్లే, అసలువని రాసినావు గదా, అది సాలు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాలా ఏళ్లు అది ఆ జేబులోనే ఉంది (చొక్కాలు మారాయి).

చిన్నాన్న ఇప్పుడు లేడు. మొన్న పింఛను కాగితం మీద నా సంతకం పాతదానితో సరిపోలలేదని బ్యాంకు కుర్రాడు వెనక్కి తోశాడు. చెయ్యి వణుకుతోంది మరి. మళ్లీ చేస్తే ఇంకా ఘోరంగా వచ్చింది. నాకు కోపం రాలేదు. భూతద్దం పట్టుకున్న నేనే ఆ కుర్రాడిలో కనిపించాను. చిన్నాన్న ఉంటే నా తరఫున వాదించేవాడు కదా అని మాత్రం మనసు చివుక్కుమంది.

"బండి కదిలింది బాబూ" అన్నాను.

"ఏ బండి సార్?" అని పాపం, వాకిలి వైపు చూశాడు.