మేనరికానికి ముందు రక్తపరీక్ష: హిందూపురం నుంచి పీణ్య దాకా

మేనరికం ఖాయం చేసుకుని, ముందుగా పరీక్ష చేయించుకుందామని బెంగళూరుకు బయలుదేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. 2006 వేసవిలో మా చెల్లెలు వనజను మా అమ్మ తమ్ముడు శీనప్ప మామకు ఇద్దామనుకున్నారు. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఇష్టమే. అయితే మా పెద్దమ్మ కూడా మేనరికమే చేసుకుంది, ఆమె కొడుక్కి తలసీమియా. మూడు వారాలకొకసారి వాడికి రక్తం ఎక్కించాలి. ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఎక్కువసార్లు వనజే. తొమ్మిదో ఏట పోయాడు. ఆ లోపం తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ దాగి ఉంటేనే పిల్లలకు ఈ జబ్బు వస్తుంది. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని కదా, ఇంట్లో పోరి పోరి ఇద్దరిచేతా బెంగళూరులో రక్తం ఇప్పించింది నేనే. మామ బెంగళూరులోనే, పీణ్యలోని ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు కాబట్టి ఫలితం రాసిన తన కాగితం తనే తెచ్చుకుంటానన్నాడు. వనజది తేవడానికి నేనూ తనూ వెళ్ళాం.

హిందూపురంలో తెల్లవారి అయిదున్నర బస్సు ఎక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా తొమ్మిదిలోపు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు చేరతారు. అప్పట్లో టికెట్టు యాభై రూపాయల లోపే. బస్సెక్కే ముందు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "కాగితం నువ్వే తీసుకో. దానికి చూపియ్యొద్దు. ఇంటికి తెస్తే మీ నాయన, నేను చూసుకొని ఏం జెయ్యాల్నో చేస్తాం" అంది. సరేనన్నాను. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు.

మెజెస్టిక్‌లో ఇడ్లీ తిని ఆటో ఎక్కాం. డ్రైవరు మా మాట విని తెలుగులోకి దిగాడు. "ఆస్పత్రికా తల్లీ? ఎవురికి బాగలేదు?" అన్నాడు. ఎవరికీ ఏమీ లేదు, పెళ్ళికి ముందు పరీక్ష అన్నాను. "మా కాలంలో జాతకం సూస్తావుంటిరి. ఇప్పుడు నెత్తురు సూస్తారు. ఏదో ఒగటి సూడాల్లే" అని మీటరు వేశాడు.

కాగితాలు ఇచ్చేది రెండున్నరకు. ఆ రోజే పదిన్నరకు ఆసుపత్రి హాల్లో జన్యు పరీక్షల నీతి మీద ప్రసంగాలున్నాయని, ఎవరైనా రావచ్చని గోడ మీద రాసి ఉంటే వెళ్ళి కూర్చున్నాం. మొదట మాట్లాడినావిడ చైనా వైద్యురాలు. మాది మొన్నమొన్నటి దాకా పెళ్ళికి ముందు వైద్యపరీక్ష తప్పనిసరిగా ఉన్న దేశం, జబ్బు ఒక మనిషిది కాదు ఇంటిది అనుకుంటాం, చెడ్డ కబురు చాలాసార్లు ముందు ఇంటివాళ్ళకే చెబుతాం, ఆ బరువు ఒక్కరి మీద పడకూడదని మా ఉద్దేశం అందావిడ. నా మనసులో మాటే. వనజను మోచేత్తో పొడిచాను. వేదిక మీద తన వంతు కోసం కూర్చున్న తెల్లాయన్ను చూపించి, "ఆ దొర ఏమంటాడో అది గూడా విను" అంది వనజ.

ఆ దొర ఇంగ్లండు ప్రొఫెసరు. శరీరం ఎవరిదో కబురు మొదట వాళ్ళకే చెందాలి, తెలుసుకోనక్కర్లేదనుకునే హక్కు కూడా వాళ్ళదే, ప్రేమ పేరుతో ఇంటివాళ్ళు పెట్టే ఒత్తిడి బయటికి కనిపించదు అన్నాడు. అయితే తమ దేశంలో ఆ కాగితం పట్టుకుని, పక్కన కూర్చునే మనిషి లేక, ఒంటరిగా ఇంటికి వెళ్ళినవాళ్ళను కూడా చూశానని ఒప్పుకున్నాడు. చివర్లో వనజ లేచింది. వచ్చీరాని ఇంగ్లీషులో చైనా ఆవిడను, ఇంటివాళ్ళ నిర్ణయం తప్పయితే దాన్ని అనుభవించేదెవరని అడిగింది. ఆవిడ చైనా అంతా ఒకే మాట మీద లేదనీ, తన కూతురు కూడా ఇదే అడుగుతుందనీ, దానికి ఇంకా జవాబు చెప్పలేదనీ అంది. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

రెండున్నరకు వనజ నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళినప్పుడు నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి, అక్కను, నాకివ్వండి అన్నాను. "ఆమె మేజర్ కదా మేడమ్, ఆమెకే ఇస్తాం" అంది కౌన్సెలర్. నేను లెక్చరర్‌నని, నాకన్నీ తెలుసని ఇంకా చెప్పబోతుంటే వెనక వనజ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. "నాకంటే ముందు నీకెందుకక్కా?" అని మాత్రం అంది. సిగ్గుపడి కౌంటరు ముందు నుంచి పక్కకు జరిగాను. కౌన్సెలర్ గదిలోకి ఒక్కతే వెళ్ళింది. ఇరవై నిమిషాలకు బయటికి వచ్చి "నాకుండాది" అంది.

మెజెస్టిక్‌కు తిరిగొచ్చి పీణ్య సెకండ్ స్టేజ్ సిటీ బస్సు ఎక్కాం, ముప్పావు గంట పట్టింది. షిఫ్టు దిగిన మామ ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు బెంచీ మీద మా కోసం కూర్చుని ఉన్నాడు. తన కవరు రెండు రోజుల క్రితమే తెచ్చుకున్నాడట, ఇంకా విప్పలేదు.

"నీది తెలీకుండా నాది చూసుకొని ఏం జేసేది?" అని దాన్ని వనజ చేతిలో పెట్టాడు. వనజ విప్పి చదివింది. అతనికీ ఉంది.

నేను లేచి దూరంగా వెళ్ళబోతే మామ ఉండమన్నాడు. కౌన్సెలర్ చెప్పినవన్నీ వనజ చెప్పింది. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది, కడుపులో ఉండగానే పరీక్ష చేయవచ్చు, అప్పుడు ఉంచుకోవడమా వద్దా అన్నది తామే తేల్చుకోవాలి. "పిల్లోళ్ళే వద్దు లేప్పా, మనమిద్దరం ఉంటే చాలు" అన్నాడు మామ. వనజ చాలాసేపు ఏడ్చింది. "మా పెద్దమ్మ కొడుకును ఎత్తుకొని తిరిగినదాన్ని మామా. పిల్లోళ్ళు లేకుండా నేనుండలేను. ఆ పరీక్ష చేయించుకొని తీసేయించుకోనూ లేను" అంది. మామ టీ గ్లాసు వైపు చూస్తూ, "అట్లయితే ఈ పెళ్ళి వద్దు. నువ్వు చెప్పినట్లే" అన్నాడు.

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి వనజే ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, ఇద్దరికీ ఉండాది. పెళ్ళి వద్దనుకుంటిమి. నేనూ మామా అనుకుంటిమి." అవతల అమ్మ ఏదో అడిగింది. "అక్కనా? అక్కను మేమేమీ అడగలేదు" అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఇద్దరు వక్తల్లో ఎవరిది ఒప్పని నన్ను చాలామంది అడిగారు. ఇద్దరిదీ జాలిగల మాటే. జబ్బు ఇంటిదంది చైనా ఆవిడ, నేను కూడా అదే నమ్మాను. నా తప్పల్లా, ఇల్లంటే అమ్మా నాన్నా నేనూ అనుకోవడం. పెళ్ళి మానుకున్న ఆ ఇద్దరూ ఆ గంటసేపు ఒకరికొకరు ఇల్లయ్యారు, నేను వాళ్ళకు బయటి మనిషిని. మీరు వెళ్ళేటప్పుడు ఒక్కటి చేయండి. కాగితం మొదట ఎవరు చదవాలో బస్సెక్కక ముందే, రక్తం ఇచ్చినవాళ్ళనే అడగండి. నేను అడగలేదు.