చెప్పు వారులో దోపిన కార్డు

ఆ రోజుల్లో నాకు చదువు రాదన్న సంగతి నాకూ మా అవ్వకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదని నా పట్టుదల. ఇరవై ఏళ్ళ వయసులో మేడ్చల్‌లో ఒక యోగా హాలు ఊడ్చే పనికి వెళ్ళాను. కసరత్తుకు వచ్చేవాళ్ళ హాలు కాదది, రోగాలున్నవాళ్ళ హాలు. టీచరమ్మ "ఎంతదాంక చదివినవ్ బిడ్డా?" అని అడిగితే "ఏడు" అన్నాను. (ఎనిమిది అనబోయి, మరీ ఎక్కువవుతుందని ఆగాను.) మనిషి ఊపిరి చూసి లోపలి బెదురు ఎంతో చెప్పగలిగిన ఆవిడ నా అబద్ధాన్ని మాత్రం నమ్మేసింది.

ఆవిడ దగ్గర అందరికీ ఒకే పాఠం ఉండేది కాదు. బీపీ ఉన్నవాళ్ళు తల కిందికి దించొద్దు, ఊపిరి బిగపట్టొద్దు. మనసు కుంగినవాళ్ళను కళ్ళు మూయించి ఎక్కువసేపు పడుకోబెట్టొద్దు, ఆలోచనలు ఈగల్లా ముసురుకుంటాయి. వాళ్ళను నిలబెట్టాలి, చేతులు పైకెత్తించాలి, వంచి లేపాలి, కళ్ళు తెరిపించే ఉంచాలి. "గోలీలు డాక్టర్ చెప్పినట్టె ఏసుకోండ్రి, నేను మాన్పియ్య" అని రోజూ అనేది. నేను ఓ మూల ఊడుస్తూ ఇవన్నీ వినేదాన్ని. ఊడ్చిన మూలే మళ్ళీ ఊడ్చేదాన్ని, వినడానికి. ఆ హాల్లో ఆ మూలంత శుభ్రంగా ఇంకే మూలా ఉండేది కాదు.

వారానికోసారి టీచరమ్మ ఒక్కొక్కరికీ ఇంట్లో చేసుకోవాల్సిన పాఠం కార్డు మీద రాసేది. కార్డుల మీద పేర్లుండవు, ఒకరి రోగం ఇంకొకరి నోట్లో పడకూడదని. "ఇది డ్రైవర్ తాతది, ఇది శామీర్‌పేట అక్కది" అని చెప్పి నా చేతికిచ్చేది. అందరూ ఒక్కసారి బయటికొస్తే నా చేతిలో కార్డులు కలిసిపోతాయని నా భయం. మనుషులు కదులుతారు, చెప్పులు కదలవు. అందుకని వాళ్ళు లోపల పడుకొని ఉండగానే ఎవరి కార్డు వాళ్ళ చెప్పు వారులో దోపేదాన్ని. కాగితం సరస్వతి కదా, ముందు కళ్ళకద్దుకొని మరీ దోపేదాన్ని. వాళ్ళూ కళ్ళకద్దుకొనే తీసుకునేవాళ్ళు. (అది కూడా యోగాలో ఒక ముక్క అనుకున్నారేమో.) టీచరమ్మ మెచ్చుకుంది కూడా. "మస్తు పద్ధతి పిల్లా నీది."

నా పద్ధతిని ముంచింది కూడా టీచరమ్మే. షుగర్ ఉన్నవాళ్ళు పాదాలు కాపాడుకోవాలని, పలుచటి చెప్పులు మాని మెత్తటి అడుగున్నవి కొనుక్కోమని చెప్పింది. డ్రైవర్ తాతకు బీపీతో పాటు షుగరు, శామీర్‌పేట అక్కకు మనసు కుంగుబాటుతో పాటు షుగరు. ఇద్దరూ ఒకే దుకాణానికి పోయారు. తాత పొట్టి, అక్క పొడుగు, దేవుడు పాదాలు మాత్రం ఇద్దరికీ ఒకే కొలత ఇచ్చాడు. ఆ రోజు అరుగు మీద ఒకే రకం నల్ల చెప్పులు రెండు జతలు నన్ను చూస్తున్నాయి. నా చేతిలో రెండు కార్డులు. ఎడమ జత తాతదని నాకు నేనే తీర్పు చెప్పుకొని దోపేశాను.

అందరూ వెళ్ళాక చాపలు చుడుతుంటే టీచరమ్మ అన్నది. "తాతకు బీపీ బాగ పెరిగింది. ఈ వారం సగం వొంగుడు గూడ బందు వెట్టిన. పండుకొని ఊపిరి వదులుడే." నా చేతిలోని చాప జారిపోయింది. ఎడమ జత తాతది కాకపోతే, ఒంగి లేచే అక్క పాఠం ఆయన చేతికి పోయినట్టే. ఫోను నంబర్లు టీచరమ్మ దగ్గరున్నాయి, కానీ అడిగితే ఎందుకంటుంది. ఎందుకో చెబితే ఏడో తరగతి పోతుంది, దానెనక నౌకరీ పోతుంది. కడుపు నొప్పని చెప్పి బయటపడ్డాను.

నేను తాత ఇంటికి పోయేసరికి ఆయన అరుగు మీద సగానికి ఒంగి ఉన్నాడు. ఆయన భార్య వెనకనుంచి నడుము పట్టుకొని నిలబడ్డది.

"తాతా, జల్దీ లేవకు. మోకాళ్ళ మీద చేతులు వెట్టి మెల్లగ లే."

"ఏంది పిల్లా, గిట్లొచ్చినవ్?" అన్నాడు, ముఖం ఎర్రగా అయ్యి. "కొత్త పాఠమిచ్చింది మీ టీచరమ్మ. బండి రోడ్డెక్కక ముందు ట్రయల్ చూడొద్దా?"

"ముప్పై ఏండ్లు బస్సు నడిపిండు, ఇప్పుడు నన్ను బ్రేక్ లెక్క పట్టుకొమ్మంటున్నడు" అన్నది ఆయన భార్య.

ఆయనకు తల తిరుగుతున్నదట. పడుకోబెట్టి, టీచరమ్మ గొంతుతోనే "మెల్లగ వదులు, ఇంక వదులు" అంటూ కూర్చున్నాను. ముఖం మామూలయ్యాక కార్డు చదివి వినిపించమన్నాను. "అద్దాలు తేలేదు తాతా, నువ్వే చదువు" అని ఇంకో అబద్ధం. "నిలబడి, చేతులు పైకెత్తి, కళ్ళు తెరిచి ముందుకు వంగి..." చాలు, అది అక్కదే. కార్డు తీసుకొని శామీర్‌పేట ఆటో ఎక్కాను.

అక్క ఒకప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పేది. మనసు బాగాలేక మానేసింది. హాల్లో ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో కళ్ళు మూసుకొని పడుకొని ఉంది, కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. లేపి, ఆమె కార్డు చదవమన్నాను. చదివింది, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా ఒత్తి. తాత పాఠమే. కార్డులు మార్చాను. ఆమె కొత్త కార్డు చూసుకొని నావైపు తిరిగింది.

"నీకు సదువు రాదు గదా."

"ఎవ్వలికి చెప్పకక్కా."

"చెప్పులల్ల అందుకే పెడ్తున్నవా?" అన్నది. తర్వాత నవ్వింది. నవ్వు అలవాటు తప్పిన మనిషి నవ్వు అది, ముందు దగ్గులా వచ్చింది.

తాత కార్డు తాతకిచ్చి ఇంటికి పోయాను. అక్క ఎవరికీ చెప్పలేదు. తెల్లారి తాత చెప్పాడు, అదీ పొగుడుతూ. "మీ పిల్ల మస్తు హుషారు, నాతోని చదివిచ్చుకొని పాఠం తప్పని పట్టింది." టీచరమ్మ చీపురు నా చేతిలోంచి తీసుకొని పక్కన పెట్టింది. నౌకరీ అయిపోయిందనుకున్నాను.

"బీపీ ఎంత, షుగర్ ఎంత అని అందరిని అడుగుత. నీకు చదవొస్తదా అని సక్కగ ఒక్కనాడు అడగకపోతి. నా తప్పు సుత ఉన్నది" అన్నది. "విని ఇంత నేర్చినవ్. ఇగ మూలకు నిలవడకు, చాప ఏసుకొని కూసో." ఆ తర్వాత కార్డు రాసిన ప్రతిసారీ నాకు చదివి వినిపించి, తిరిగి చెప్పించుకునేది, అప్పుడే చేతికిచ్చేది.

అక్షరాలు నేర్పుతానని అక్క ఆనాడే అన్నది. నేనే సిగ్గుతో ఇరవై ఏళ్ళు వాయిదా వేసి, నలభై దాటాక ఆమె ముందు పలక పట్టుకొని కూర్చున్నాను. "తొందరేముంది, ఇంకో ఇరవై ఏండ్లాగి రాకపోయినవా" అన్నది.

ఇప్పుడు నాకూ షుగరొచ్చింది. టీచరమ్మ జుట్టు నెరిసింది, కార్డుల మీద ఇప్పటికీ పేర్లుండవు. నా కార్డు నేనే చదువుకుంటాను, కూడబలుక్కుంటూ, ఒకటికి రెండుసార్లు. చదివాక కళ్ళకద్దుకొని, నా మెత్తటి నల్ల చెప్పు వారులో దోపి లోపలికి పోతాను.