వస్తానని వెళ్ళనివాడు

లోకంలో చాలా భాషలవాళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్తున్నామని చెప్పి వెళ్ళిపోతారు. కొందరు ఎదుటివాణ్ణి దేవుడికి అప్పజెప్పి పోతారు. కొందరు టోపీ కాస్త పైకెత్తి, నోరు విప్పకుండానే పోతారు. మనం మాత్రం చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, మొహం వీధివైపు తిప్పి, "వస్తాను" అంటాం. వెళ్తూ వస్తాననడం ఏమిటయ్యా అని పరాయివాడెవడైనా నిలదీస్తే నీళ్ళు నమలాల్సిందే. ఈ ఒక్క మాట పట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా ఊరంతటినీ నవ్వించిన మనిషి ఒకడున్నాడు. ఆయన్ని అందరూ లాండ్రీ అబ్బాయి అంటారు.

తల ముగ్గుబుట్టయినా ఆయన అబ్బాయే. ఎందుకంటే లాండ్రీకి ఇప్పటికీ అసలు యజమాని ఆయన తల్లి. షట్టరు లేవగానే వచ్చి కౌంటరు వెనక కుర్చీలో కూర్చుంటుంది. మాసిన చొక్కా చేతికివ్వగానే కాలరు తిరగేసి, "ఏమయ్యా, ఇంట్లో ఆవిడతో మాటల్లేవా?" అని అడుగుతుంది. ఆమె వెనక గదిలో కొడుకు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఆవిరిలో మాటలు అల్లుకుంటాడు. ఆయన రాసి ఆడించే హాస్యనాటకాలన్నీ అలాగే పుట్టాయి. కొత్త డైలాగు తట్టిన రోజున ఎవరిదో ఒకరి చొక్కా మాడేది.

వేషాలకు బట్టల కొరత లేదు. "రేపొచ్చి తీసుకుంటా" అని చెప్పి మళ్ళీ మొహం చూపించనివాళ్ళు ఊళ్ళో తక్కువేం కాదు. వాళ్ళ బట్టలన్నీ వెనక గదిలో ఒక దండేనికి వేలాడుతుంటాయి. ఒకసారి నాటకం మంచి రసపట్టులో ఉండగా మూడో వరసలోంచి ఒకాయన లేచి, "అది నా కోటు!" అని కేకేశాడు. కోటులో ఉన్న నటుడు తడుముకోకుండా, "చీటీ తెచ్చారా?" అన్నాడు. హాలు గొల్లుమంది. కోటాయన కూడా నవ్వి, "ఉంచుకో నాయనా, నాకంటే నీకే బాగుంది" అని కూర్చున్నాడు.

ఆ నటుడు పోస్ట్‌మాన్. పగలంతా గుమ్మం గుమ్మం తిరిగే ఆ మనిషికి నాటకంలోనూ గుమ్మమే రాసిపెట్టి ఉంది. కథ పెళ్ళిచూపులదైనా, దొంగతనానిదైనా, చచ్చి బతికిన మామగారిదైనా, మధ్యలో ఒక చుట్టం దిగుతాడు. కాఫీ తాగి లేచి, "ఇక వస్తానండీ" అంటాడు. ఇంటావిడ బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా "ఊఁ" అంటుంది. చుట్టం గుమ్మం దాకా వెళ్తాడు. గొడుగు మర్చిపోయానని తిరిగొస్తాడు. మళ్ళీ "వస్తానండీ". మళ్ళీ "ఊఁ". ఈసారి కళ్ళజోడు, తర్వాత చెప్పాల్సిన అసలు సంగతి, ఆ తర్వాత ఏం మర్చిపోయాడో గుర్తు రాని సంగతి. ప్రతి "ఊఁ"కీ జనం పొట్టలు పట్టుకునేవారు. అతగాడు గడప దాటేలోపు మాత్రం ఏదో ఒక ఉపద్రవం వచ్చిపడేది. దీపాలు ఆరిపోయేవి, కుర్చీ విరిగేది, ఒక నాటకంలో ఏకంగా పైకప్పే కూలింది. చుట్టం వెళ్ళడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఇంటావిడ వేషం ఎప్పుడూ లాండ్రీ అబ్బాయి భార్యదే. "ఏమండీ, పాపం ఆయన్ని ఒక్కసారి పంపించెయ్యండీ, కాళ్ళు పీకుతాయి" అనేది.

"ఎలా పంపాలో తోచట్లేదే" అనేవాడాయన. ఆవిడ నవ్వేది. ఆయన చెప్పింది మాత్రం నిజం.

ఒక సభలో పెద్దాయనెవరో మైకు పట్టుకుని, "ఈయనది స్వచ్ఛమైన హాస్యం. ఇందులో రచయిత సొంత బతుకు ఆవగింజంత కూడా కనబడదు" అని మెచ్చుకున్నాడు. లాండ్రీ అబ్బాయి వినయంగా తలవంచి దణ్ణం పెట్టాడు. పట్టుబడలేదు కదా అని లోపల ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయనకి ఏడెనిమిదేళ్ళప్పుడు, ఎండ ఇంకా తగ్గని ఒక మధ్యాహ్నం, తండ్రి దండెం మీదున్న ఎవరిదో గళ్ళ కోటు తొడుక్కుని పెరటి గుమ్మంలో నిలబడి "వస్తా" అన్నాడు. తల్లి ఇస్త్రీ చేస్తోంది. తలెత్తలేదు. "ఊఁ" అంది. అంతే. పిల్లవాడు బల్లకింద కూర్చుని జేబురుమాళ్ళు మడతపెడుతూ అంతా చూశాడు. తండ్రి తిరిగి రాలేదు. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో కబురు లేదు. తల్లి ఆ ఊసెత్తితే కోటు గురించే ఎత్తేది. "పోతే పోయాడు, పరాయివాళ్ళ కోటెందుకు పట్టుకుపోయాడు? వాళ్ళకి జవాబు చెప్పలేక చచ్చాను." పెరటి తలుపుకి మాత్రం ఆ రోజు నుంచి గడియ పడలేదు. వానకి చెక్క ఉబ్బింది, పట్టదు అనేది. ఒకసారి కొడుకు వడ్రంగిని పిలుచుకొచ్చాడు. అతను అటూ ఇటూ ఊపి చూసి, "చెక్క శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. పని రానివాణ్ణి తెచ్చావని కొడుక్కి చీవాట్లు పడ్డాయి.

ఆవిడ ఎన్నడూ నాటకానికి రాలేదు. "అందరూ అక్కడ నవ్వుతూ కూర్చుంటే కౌంటర్లో ఎవరు కూర్చుంటార్రా?" అనేది. కొడుక్కి అదే పదివేలు. ఈలోగా ఆవిడ కళ్ళకి శుక్లాలు తీయించారు. కట్లు విప్పిన రోజున ఇల్లంతా కలయజూసి, గోడల మురికి తిట్టి, చివరికి కొడుకు దగ్గర ఆగింది.

"ఒరేయ్, నువ్వింత ముసలాడివెప్పుడయ్యావురా? ఒక్కరైనా చెప్పలేదే!"

ఆ ఊపులోనే, "ఆదివారం నీ నాటకం చూస్తా. కొత్త కళ్ళకి పని చెప్పాలి" అంది.

లాండ్రీ అబ్బాయి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి ఆలోచించాడు. ఆ "ఊఁ" ఆవిడ వింటుంది. తాను తలెత్తలేదన్న సంగతిని కొడుకు ఇన్నేళ్ళుగా ఊరందరి ముందూ పెట్టి నవ్విస్తున్నాడని తెలుస్తుంది. తప్పు నాదంటున్నాడు కాబోలు అనుకుంటుంది. ఆయన ఏనాడూ అలా అనుకోలేదు. అనుకోలేదనే ఆయన నమ్మకం. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, రిహార్సలుకు పరిగెత్తి, గుమ్మం సీను తీసేశానని చెప్పాడు.

పోస్ట్‌మాన్ మొహం మాడిపోయింది. "గురువుగారూ, నా పొట్ట కొట్టకండి. ఊళ్ళో ఉత్తరం అందుకోగానే ధభీమని మొహం మీద తలుపేస్తారు. నేను కాసేపు నిలబడే గుమ్మం ఇదొక్కటేనండీ."

"ఈ ఒక్క ఆటకే. ఒక్కసారి వస్తానని చెప్పి వెళ్ళిపో."

"సరే, వెళ్తాను. జనం కుర్చీలు విసిరితే మీరే ఏరుకోండి."

ఆదివారం మధ్యాహ్నం ఆట. మొదటి వరసలో మధ్య కుర్చీలో తల్లి కూర్చుంది. పక్క తెర చాటున కొడుకు అరచేతులు తుడుచుకుంటున్నాడు. సీను వచ్చింది. పోస్ట్‌మాన్ బుద్ధిగా "వస్తానండీ" అని, గొడుగు గోడకే వదిలేసి గుమ్మంవైపు నడిచాడు. ఇంకొక్క అడుగు వేస్తే గడప దాటేవాడు.

"గొడుగు!" అని వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. క్షణంలో హాలంతా "గొడుగు! గొడుగు!" అని అందుకుంది. పోస్ట్‌మాన్ మనసు వెన్నలా కరిగింది. గిరుక్కున తిరిగాడు. ఇంటావిడ తెర చాటునున్న భర్తకేసి బిక్కమొహం వేసి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. జనం ఎదురుచూస్తున్నారు.

"వస్తానండీ."

"ఊఁ."

హాలు పగలబడి నవ్వింది. తల్లి నవ్వలేదు. నల్ల కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. రెండో "ఊఁ"కీ నవ్వలేదు. మూడోదానికి కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

"వెళ్తే వెళ్ళవయ్యా బాబూ! ఆవిడ తలుపేసుకోవద్దూ?"

కౌంటర్లో అలవాటైన గొంతు. చివరి వరస దాకా ఖంగుమంది. అంతకుముందెన్నడూ రానంత నవ్వు. కోటాయన్నే నోరు మూయించిన పోస్ట్‌మాన్‌కి ఆ గొంతుకి లొంగక తప్పలేదు. గొడుగు తీసుకున్నాడు. "అలాగేనమ్మా" అన్నాడు. గడప దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఏం చేయాలో తెలియని ఇంటావిడ మడతపెడుతున్న చొక్కా కిందపెట్టి లేచి, ఆ అట్టతలుపు మెల్లగా మూసింది.

ఆట అయ్యాక కొడుకు తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు, చొక్కా మాడ్చినవాడిలా.

"అమ్మా, అది..."

"నీ పెళ్ళానికి 'ఊఁ' అనడం రాలేదురా" అంది తల్లి. "మరీ తాపీగా అంటోంది. పోతున్నాడని ఆ కోటు తొడుక్కున్నప్పుడే తెలుసు నాకు. తలెత్తితే ఏడుపొచ్చేస్తుందని ఎత్తలేదు. నాకు అంతకంటే మాట పెగల్లేదు." చెంగు సర్దుకుని, "ఆ అబ్బాయి గొడుగు పట్టుకుని వెళ్ళాడు చూడూ, అది బాగుంది. మర్యాదస్తుడు. సొంత గొడుగేనా?" అంది. కోడలి భుజం పట్టుకుని బండెక్కింది.

వేషాల బట్టలన్నీ పోగుచేసుకుని, హాలుకి తాళం వేసి, దీపాలు పెట్టేవేళకి లాండ్రీ అబ్బాయి ఇల్లు చేరాడు. రెండు చేతులా బట్టలు. అలవాటు ప్రకారం పెరటి తలుపుని మోచేత్తో నెట్టుకుంటూ దూరబోయాడు. తలుపు కదల్లేదు. ముక్కు మాత్రం అదిరింది.

"ఎవరది?" లోపల్నుంచి తల్లి గొంతు.

"నేనేనమ్మా. వచ్చాను."

గడియ కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. లోపల అత్తాకోడళ్ళు ఏదో గుసగుసలాడుకున్నారు, తర్వాత ఇద్దరూ కిసుక్కున నవ్వారు.

"ఒరేయ్, వీధివైపు నుంచి రారా! వేయడమైతే వేశాం గానీ, తీయడం మావల్ల కావట్లేదు!"