గీత మీద నిలవని అక్షరాలు

మా బావ పోయాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. సాయంత్రానికల్లా అచ్చంపేట బస్టాండు ముందర ఫ్లెక్సీ కూడా లేచింది. బావంటే నా భార్యకు అన్న, నాలాగే బోర్డులు రాసే పెయింటరు. ఆ ఫ్లెక్సీ మీద 'శ్రద్ధాంజలి' అన్న మాట ఆయన సొంత అక్షరాల్లోనే చిందులేస్తోంది. నాకు ఏడుపు కంటే ముందు కడుపుమంట వచ్చింది. చచ్చిననాడు కూడా ఊరంతా ఆయన అక్షరాన్నే చూస్తోంది.

ఇద్దరం ఒకే గురువు దగ్గర కుంచె పట్టాం. నేను గోడకు సుద్దదారం కొట్టి, ఆ గీత మీద అక్షరాలను నిలబెట్టేవాణ్ణి. ఆయన దారం ముట్టేవాడు కాదు. తలకట్లు లేకుండా మాటంతా రాసేసి, నిచ్చెన దిగి, రోడ్డవతల చాయ్ తాగుతూ చూసేవాడు.

"జర ఆగు బావా, యాడ నవ్వాల్నో అవే చెప్తయ్" అనేవాడు. తర్వాత ఎక్కి తలకట్లన్నీ ఒక్క ఊపులో పెట్టేవాడు, ఒకటి వాలినట్టు, ఒకటి ఎగిరినట్టు. గాజుల దుకాణానికి, ఐస్ బండికి, పిల్లల బడికి అవే కావాలి. నా రాత చూసి మాత్రం, "మంచిగున్నది గని, సర్కారు ఆఫీసు లెక్కున్నది" అనేవాళ్లు.

నాగర్‌కర్నూల్‌లో డీటీపీ సెంటర్ నడిపే ఒకాయన ఆ అక్షరాలన్నీ కాగితం మీద రాయించుకుని కంప్యూటర్లో ఫాంటు చేశాడు. ఇక పెళ్లిపత్రికల మీద, బతుకమ్మ బ్యానర్ల మీద, అటు లింగాల ఊరి దాకా అవే. మనిషితోనే గెలవలేని నేను మిషనుతో ఏం గెలుస్తాను?

ఒక్క సమాధిరాయి మాత్రం ఆయన రాసేవాడు కాదు. వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపేవాడు. "నాయి చిందులేస్తయ్. ఏడ్సేటోళ్లకు మా బావ అక్షరమే ఆసరైతది" అనేవాడట. తనకు అక్కర్లేని పని నాకు తోస్తున్నాడనే అనుకున్నా. కానీ ఫ్లెక్సీలొచ్చి బోర్డులు పోయాక ఆ రాళ్లే నా ఇల్లు నడిపాయి.

ఆయన రాయి కూడా నేనే రాశాను. దారం కొట్టి, నిదానంగా. ఆయన పేరు నా అక్షరాల్లో గీత తప్పకుండా నిలబడింది. నా భార్య చాలాసేపు చూసింది.

"మంచిగనే రాసినవ్. గని మా అన్న లెక్క లేదు" అంది.

దినాలయ్యాక ఆ ఫ్లెక్సీని ఎవరో గొడ్ల కొట్టం మీద కప్పుకుంటామని అడిగారు. ఇవ్వలేదు. నా కొట్టు ముందర పందిరి మీద కప్పాను, అక్షరాలు లోపలికి తిప్పి. ఊరు చూసింది చాలు. దారిన పోయేవాళ్లకు ఇప్పుడు తెల్లటి వెనకవైపే కనిపిస్తుంది. కింద కూర్చుని నేను తలెత్తితే, ఎండకు వెలుగుతూ ఆ తలకట్లు నా ఒక్కడికే ఎగురుతుంటాయి.